తీయడం, తీయించడం

పోయిన ఏడాది వానలు మొదలయ్యే ముందు మా కాలనీ సంఘంవారు ఇంటింటికీ ఒక కాగితం పంచారు. తార్నాకలో మా వీధిలో ఇప్పుడు మూడిళ్లకొక కుక్క ఉంది. అందుకని ‘పెరటిలో పెంపుడు కుక్కల మలమును సురక్షితముగా తొలగించు విధానము’ అని ఆ కాగితానికి పేరు పెట్టారు. మంచి ఉద్దేశంతోనే రాశారు. ఏ రోజు మలం ఆ రోజే ఎత్తించవలెను. గుంత తీయించి పూడ్పించవలెను. ఆ చోటు కడిగించవలెను. కూరమడులలో వేయించరాదు. బోరుకు దూరముగా ఉంచవలెను. పిల్లలను ఆ చోట ఆడనీయరాదు. ఇలా పది సూచనలు.

రెండోసారి చదివినప్పుడు నా కళ్లు క్రియాపదాల దగ్గర ఆగిపోయాయి. ఎత్తించాలి, తీయించాలి, పూడ్పించాలి, కడిగించాలి. ‘ఎత్తాలి’ అని ఒక్కచోటా లేదు. పిల్లల క్షేమం ఉంది, కూరగాయల క్షేమం ఉంది, బోరు నీళ్ల క్షేమం ఉంది. ఎత్తే మనిషి మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆమె ఆ ‘ఇంచు’ అనే రెండక్షరాల్లో దాక్కుని ఉంది.

ఆ కాగితం రాసినవాళ్లని తప్పుపట్టే హక్కు నాకు అప్పటికి లేదు. మా పెరట్లోనూ ఎత్తించడమే జరిగేది. కుక్కపిల్లని తెచ్చింది మా అబ్బాయి. రెండేళ్లు ముద్దుచేసి ఉద్యోగం మీద దూరదేశం వెళ్లిపోయాడు. దాన్ని తిప్పేది మా ఆయన. అన్నం పెట్టేది నేను. ఎత్తేది మా ఇంట్లో పనిచేసే ఆమె. మాణికేశ్వర్‌నగర్ నుంచి వస్తుంది. నాలుగిళ్లలో గిన్నెలు తోమి, బట్టలు ఉతికి, ఇల్లు తుడుస్తుంది. ‘నా పేరు రాయకమ్మా, ఉన్న ఇండ్లు గూడ పోతయి’ అంది కాబట్టి పేరు రాయడం లేదు. కుక్క పనికి నెలకి 300 రూపాయలు ఎక్కువిచ్చేదాన్ని. అంటే రోజుకి పది రూపాయలు. ఇచ్చినందుకు నేను మంచిదాన్నని కూడా అనుకునేదాన్ని. పక్కింట్లో అదీ ఇవ్వరు మరి.

కాగితం వచ్చిన నెలలోనే ఒక రోజు ఆమె బట్టలుతుకుతూ మాటిమాటికీ కాలు గీరుకోవడం చూశాను. ఏమైందని అడిగితే పాదం చూపించింది. చర్మం కింద ఎర్రటి గీత ఒకటి వంకర్లు తిరుగుతూ మడమ నుంచి వేళ్ల వైపు పోతోంది. ‘నిన్న గీడ లేదమ్మా, ఇయ్యాల గీడికొచ్చింది. లోపట ఏదో పాకుతున్నట్టున్నది. రాత్రి నిద్ర పడ్తలేదు’ అంది. అప్పటికి రెండు వారాలుగా మందుల షాపులో ఇచ్చిన గజ్జి మందు రాస్తోంది. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చూసీ చూడగానే అడిగిన ప్రశ్న ఒకటే. ‘కుక్కలు తిరిగే మట్టిలో చెప్పుల్లేకుండా నడుస్తావా?’

నడుస్తుంది. ఎందుకు నడుస్తుందో నాకు తెలుసు. ఆమె చెప్పులు మా గేటు బయట ఉంటాయి. అక్కడ విప్పాలని నేనెప్పుడూ నోటితో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. అంతకుముందు పనిచేసిన ఇళ్లు ఆమెకి ఆ పాఠం నేర్పే పంపాయి. నేను వద్దనలేదు, అంతే.

డాక్టరు చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తాను. ఇది మనందరం తెలుసుకోవాల్సిన సంగతి. కుక్క పేగుల్లో ఉండే కొంకి పురుగుల గుడ్లు మలంతోపాటు నేల మీద పడతాయి. తడి, నీడ, వెచ్చదనం ఉన్న మట్టిలో ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తాయి. ఇంకో వారం పది రోజులకి అవి మనిషి చర్మంలోంచి దూరగల దశకి వస్తాయి. వట్టి పాదం తగిలితే చాలు. మనిషి వాటికి అసలు ఇల్లు కాదు కాబట్టి మామూలుగా అవి లోపలికి పోలేక చర్మం కిందే దారి వెతుక్కుంటూ తిరుగుతాయి. ఆ ఎర్ర గీత అదే. మందు వేస్తే తగ్గుతుంది. వేయకపోతే వారాల తరబడి ఆ దురద భరించాలి. కుక్కల్లో ఉండే కొంకి పురుగుల్లోనే మరో రకం మన దేశంలోనూ ఉంది. అది మనిషి పేగుదాకా చేరి అక్కడే పెరిగి రక్తం పీల్చగలదు.

రెండోది ఏలికపాము జాతి పురుగు. దాని గుడ్డు పడ్డ రోజునే ప్రమాదం కాదు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఉంటేనే అంటుకునే శక్తి వస్తుంది. వచ్చాక మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు బతికే ఉంటుంది. మట్టి అంటిన చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకి అది కాలేయానికో ఊపిరితిత్తులకో కంటికో చేరవచ్చు. మనం బకెట్లో కలిపి చల్లే ఫినాయిల్ దాన్ని చంపదు. ఫినాయిల్ వాసన మన తృప్తికే.

ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే ఒక్క విషయం తేలుతుంది. ఏ రోజు మలం ఆ రోజు ఎత్తితే ప్రమాదం చాలావరకు పోతుంది. ఆదివారం సెలవని వదిలేసి, పండక్కి ఊరెళ్లామని వదిలేసి, వారానికొకసారి ‘పెరడంతా శుభ్రం చెయ్యి’ అంటే, సరిగ్గా పురుగు సిద్ధమయ్యే రోజుకి ఆమె కాలినీ చేతినీ అక్కడికి పంపిస్తున్నామన్నమాట. మన తీరిక ఆమెకి రోగం.

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అదంతా కుక్కల వల్ల అని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఒకటి గమనించండి. 2015 నుంచి ప్రభుత్వం నులిపురుగుల దినం జరిపి అంగన్‌వాడీల్లో, బడుల్లో మాత్రలిస్తోంది. అవి ఒకటి నుంచి 19 ఏళ్లవాళ్లకి. నాలుగిళ్ల పెరళ్లలో వట్టి కాళ్లతో తిరిగే 35 ఏళ్ల స్త్రీ ఆ లెక్కలోకి రాదు. మా కుక్కకి మాత్రం మూడు నెలలకోసారి పశువుల డాక్టరు పురుగుల మందిస్తాడు. తేదీ తప్పకుండా వేయించాలని కార్డు ఉంది. ఒక్క ఏడాది ఆ కార్డు చూసుకోవడం మరిచిపోయాం. దాని ఫలితం ఎవరి పాదం మీద కనబడిందో చెప్పాను.

ఇంకో మాట రాయడానికి సిగ్గుపడుతున్నాను, కానీ రాయాలి. మా వీధిలో చాలా ఇళ్లలో పనిచేసే స్త్రీలు ఆ ఇంటి మరుగుదొడ్డి వాడకూడదు. పొద్దున ఏడింటికి వచ్చినవాళ్లు మధ్యాహ్నం రెండింటిదాకా బిగబట్టుకుని, మంచినీళ్లు తక్కువ తాగి పనిచేస్తారు. ఆ ఇంటి కుక్క మాత్రం పెరట్లో ఎప్పుడంటే అప్పుడు పోవచ్చు. పోయింది ఆమె ఎత్తాలి. కుక్కకున్న సౌకర్యం ఎత్తే మనిషికి లేదు. మనం దీన్ని శుభ్రత అంటున్నాం.

దీని మూలం నాకు ఎక్కడ కనబడిందో చెబుతాను. నేను పుట్టింది కాచిగూడలో. స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో మాది పాత ఇల్లు. 1960లలో మా ఇంట్లో పాతరకం దొడ్డి ఉండేది. ఇంటి వెనక సన్నటి సందు, ఆ సందులోకి చిన్న తలుపు. తెల్లవారకముందే ఒకామె ఆ తలుపు తీసి, రేకుతో ఎత్తి, బూడిద చల్లి, తట్ట నెత్తిన పెట్టుకుని పోయేది. మా ఇంట్లో ఆమెని ఉర్దూ మాటతో మెహతరానీ అనేవాళ్లు. ఆమెకి పేరుండేదని నాకప్పుడు తోచలేదు. ఆమె ముఖం కూడా నాకు గుర్తులేదు. సందు తలుపు చప్పుడే గుర్తుంది.

ఆ దొడ్లు పోయాయి. ఊరికే పోలేదు. సఫాయి కర్మచారులు పోరాడితే పోయాయి. ఆ పని చేయించడాన్ని నిషేధించే చట్టం 1993లో వచ్చింది. మన రాష్ట్రంలో అమల్లోకి రావడానికి 1997 జనవరి 26 దాకా పట్టింది. అది చాలక 2013లో ఇంకో చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని గట్టిగా అమలు చేయమని ఆదేశించింది. ఇంత జరిగాక కాచిగూడ సందు తలుపు మూతపడింది. కానీ ఆ చట్టాల్లో ఉన్న మాట ‘మనిషి మలం’. కుక్క మలం వాటి కిందికి రాదు. మూతపడ్డ సందు తలుపుని మనం తార్నాకలో పెరటి గేటు చేసుకుని మళ్లీ తెరిచాం. కొత్త రకం తట్ట, పాత కులాల చేతులే. మా వీధిలో ఈ పని చేస్తున్న ఏడుగురు స్త్రీలతో మాట్లాడాను. ఏడుగురూ దళిత, వెనకబడిన కులాలవాళ్లే. వంటకి పెట్టుకున్న ఆమెని కుక్క పని చెయ్యమని ఏ ఇంట్లోనూ అడగలేదు. ఆమె కులం వేరు. అడగకూడదని అందరికీ తెలుసు.

ఈ మాట నలుగురిలో అన్నప్పుడు నాకు వచ్చిన జవాబులు రాస్తాను. మీకూ ఇవే వస్తాయి.

‘డబ్బులిస్తున్నాం కదా, తనే ఒప్పుకుంది.’ కాదంటే మొత్తం పని పోతుందని తెలిసి ఒప్పుకోవడాన్ని ఒప్పుకోవడం అంటారా? మా వీధిలో ఒకామె కుక్క పని ఒక్కటీ చెయ్యనంది. మర్నాటి నుంచి గిన్నెల పని కూడా లేదు.

‘గ్లౌజులు కొనిచ్చాం.’ కొనిచ్చినవి ఎన్నాళ్లవి? చినిగితే మళ్లీ ఎవరు కొంటారు? కాళ్లకి ఏమిచ్చారు? అసలు అంత జాగ్రత్తగా చేయాల్సిన పనైతే కుక్కని ముద్దుచేసే చేతులే ఎందుకు చేయకూడదు?

‘ఊళ్లో ఆడవాళ్లు పేడ ఎత్తడం లేదా?’ ఎత్తుతున్నారు. అదీ వాళ్ల మీదే పడిందన్నది వేరే పోట్లాట. కానీ పేడ, ఇది ఒకటి కావు. గడ్డి తినే పశువు పేడ ఎరువవుతుంది, పిడకవుతుంది. ఎత్తేదానికి ఒక ప్రయోజనం ఉంది. మాంసం తినే కుక్క మలంలో మనిషికి అంటుకునే పురుగులుంటాయి. దాన్ని ఇంటి ఎరువుగుంతలో వేసినా ఆ వేడి వాటిని చంపడానికి చాలదు. దానితో మొక్కల్ని పెంచకూడదు, ముఖ్యంగా పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాలని.

‘నాకు నడుము వంగదు.’ నాకూ వంగదు. పొడుగు కర్ర ఉన్న ఎత్తుడుచేట దొరుకుతుంది. ఆమె నడుముకి కూడా నొప్పి ఉంటుంది, మనకి చెప్పదంతే.

‘మీకు కుక్కలంటే గిట్టదు.’ ఈ మాట అన్నింటికంటే ఎక్కువసార్లు విన్నాను. 2023 ఫిబ్రవరిలో మాకు దగ్గరలోనే అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. అప్పటి నుంచీ ఊరు రెండు పక్షాలైంది. కుక్కలంటే ప్రేమ ఒక పక్షం, భయం ఒక పక్షం. 2025లో ఈ తగువు సుప్రీంకోర్టుదాకా పోయింది. రెండు పక్షాల్లోనూ ఎత్తే మనిషి మాట లేదు. నాకు మా కుక్క అంటే ప్రాణం. ప్రేమించేవాళ్లే ఎత్తాలని నేనంటున్నది.

ఇది తార్నాక పెరళ్లతో ఆగదు. తెల్లవారుజామున యూనివర్సిటీ రోడ్ల మీదికి రండి. ఆర్ట్స్ కాలేజీ ముందు, చెట్ల కింద, పట్టెడలు పట్టుకుని పెద్దమనుషులు నడుస్తుంటారు. ఎక్కువమంది మగవాళ్లే. కుక్క ఆగితే ఆగుతారు, అటు తిరిగి ఆకాశం చూస్తారు, మళ్లీ నడుస్తారు. జేబులో ఫోనుంటుంది, పాత పేపరు ముక్క ఉండదు. మా ఆయనా అలాగే నడిచేవారు. కాసేపటికి ఊడ్చే స్త్రీలు వస్తారు. ఆకులతోపాటు అది కూడా వాళ్ల చీపురికే అంటుకుంటుంది. కుక్కని తిప్పడం మగవాళ్లకి వ్యాయామం, హోదా, నలుగురితో కబుర్లు. దాని వెనక తుడవడం ఆడవాళ్లకి పని. ఇల్లాలు చేస్తే జీతం లేదు, పనామె చేస్తే పది రూపాయలు. కులం ఎక్కడ ఆగుతుందో, ఆడతనం ఎక్కడ మొదలవుతుందో విడదీసి చూడటం నావల్ల కాలేదు.

చట్టం ఏమంటోంది? ఇంటి పని చేసేవాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్‌లో 189వ ఒడంబడిక చేసింది. సురక్షితమైన, ఆరోగ్యకరమైన పనిచోటు వాళ్ల హక్కని అందులో స్పష్టంగా ఉంది. ఆరోజు మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది. తర్వాత ఏళ్లు గడిచినా సంతకం చేసి ఆమోదించలేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఇంటి పనివాళ్లకి ప్రత్యేక చట్టం సంగతి పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఫ్యాక్టరీలో మలం ఎత్తే పని ఉంటే బూట్లు, సబ్బు, వైద్యం అడగొచ్చు. పెరడు మాత్రం ఎవరికీ పనిచోటులా కనబడదు. ఇల్లు కదా అంటారు. మనకి ఇల్లే, ఆమెకి పనిచోటు. ఇంటి గోడల లోపల జరిగేది సొంత విషయం కాదని మనం మన దెబ్బల గురించి ఎన్నేళ్లుగానో అంటున్నాం. అదే మాట మన పెరటికి వర్తించేసరికి గొంతు పెగలదేం?

మరి ఎలా తీయాలి? తీయించడం కాదు, తీయడం. నేను చేస్తున్నది చెబుతాను. కాళ్లకి చెప్పులు వేసుకుంటాను. పొడుగు కర్ర చేటతో ప్రతిరోజూ ఎత్తుతాను, రెండు నిమిషాల పని. మా మరుగుదొడ్డి డ్రైనేజీకి కలిసి ఉంది కాబట్టి అందులో వేసి నీళ్లు వదులుతాను. మలం మాత్రమే, కాగితం గానీ కవరు గానీ వేయకూడదు. గుంతలో పూడ్చేవాళ్లు అడుగున్నర లోతుకి తగ్గకుండా తవ్వాలి, బోరుకీ కూరమడికీ దూరంగా ఉండాలి, వేసిన ప్రతిసారీ మట్టి కప్పాలి, వాననీళ్లు నిలిచే చోట తవ్వకూడదు. మా వైపు రెండడుగులు తవ్వితే బండ తగులుతుంది. కుక్క రోజుకి పావుకిలో వేసినా ఏడాదికి తొంభై కిలోలు. చిన్న పెరట్లో గుంతలు ఎన్నాళ్లు సరిపోతాయో లెక్క చూసుకోండి. పైపు పెట్టి కాలవలోకి కొట్టేయకండి. అది నాలాలోకి, అక్కణ్ణించి మూసీలోకి పోతుంది. మధ్యలో కాలవ పూడితే దిగేది కూడా మనిషే. తడిచెత్త డబ్బాలో అసలే వేయకండి. దాన్ని ఏరేది కూడా చేతులతోనే. 2016 ఘనవ్యర్థాల నియమాలు డైపర్లని, ప్యాడ్లని విడిగా చుట్టి ఇమ్మన్నాయి. చెత్తలో వేయక తప్పనివాళ్లు దీన్నీ అలాగే మందంగా చుట్టి, ఏముందో చెప్పి ఇవ్వాలి. కుక్కకి పురుగుల మందు తప్పకూడదు.

మా ఇంట్లో ఇప్పుడు సోమ, బుధ, శుక్ర నాది. మిగతా రోజులు మా ఆయనది. మొదట్లో గొణిగారు. ఇప్పుడు నడకకి పోయేటప్పుడు జేబులో పేపరు పెట్టుకుంటున్నారు. ఆమె వైద్యం ఖర్చు నేను పెట్టుకున్నాను. అది దయ కాదు, బాకీ. 300 రూపాయలు తగ్గించలేదు. చెప్పులు ఇప్పుడు గేటు లోపలికి వస్తున్నాయి. మరుగుదొడ్డి తాళం తీశాం. ఇవి చేసినందుకు నన్ను మెచ్చుకోవద్దు. పన్నెండేళ్లు నా ఇంట్లో పనిచేశాక చేశాను.

కానీ ఒక ఇల్లు మారితే సరిపోదు. కుక్క మలం ఎత్తడం ఇంటిపనిలో భాగం కాదని, పెంచినవాళ్లే ఎత్తాలని ప్రతి కాలనీ సంఘం తీర్మానం చేయాలి. కాదన్నందుకు పని తీసేయకూడదు. పనిచేసే ఇంట్లో చెప్పులు వేసుకోవడం, మరుగుదొడ్డి వాడుకోవడం అడిగి పుచ్చుకునేవి కాకూడదు. కుక్కకి లైసెన్సు ఇచ్చే నగరపాలక సంస్థ, మలం ఎవరు ఎత్తాలో కూడా అందులో రాయాలి. ఇంటి పనివాళ్ల చట్టంలో పెరడు కూడా పనిచోటేనని చేర్చాలి.

ఆ పది సూచనల కాగితాన్ని నేను తిరగరాసి సంఘంవారికి ఇచ్చాను. మార్చింది పెద్దగా ఏమీ లేదు. ఎత్తించవలెను అన్నచోట ఎత్తవలెను, కడిగించవలెను అన్నచోట కడగవలెను అని పెట్టాను. కార్యదర్శిగారు చదివి, ‘విషయం బాగానే ఉందమ్మా, భాషే కొంచెం... ఇంటి యజమానులకి ఆజ్ఞ వేస్తున్నట్టుంది’ అన్నారు.

అవునండీ. ఇన్నాళ్లూ ఆ ఆజ్ఞ ఎవరికి వేస్తున్నామో ఆయనకిప్పుడు తెలిసింది.